నాటకం మొత్తం ఆడించండి

ఊరూరి ఉత్సవ కమిటీ పెద్దలకు ఒక హార్మోనిస్టు నమస్కరించి రాసుకున్న బహిరంగ లేఖ.

అయ్యా,

శివరాత్రి జాగారానికి, శ్రీరామనవమి పందిరికి, అమ్మవారి తిరనాళ్ళకి మా చేత నాటకం వేయిస్తున్నది మీరే. ఇంటింటికీ తిరిగి చందాలు పోగుచేసి, ఆర్గనైజరుకి ఫోను కొట్టి, బయానా పంపి, మైకుసెట్టు మాట్లాడి, స్టేజీ కట్టించి పద్యనాటకానికి ఇన్నేళ్ళూ తిండి పెట్టింది ఊళ్ళ కమిటీలే. అందుకే ఈ ఉత్తరం మంత్రిగారికి రాయకుండా మీకు రాస్తున్నాను. మంత్రిగారికి రాసేవాళ్ళు చాలామందే ఉన్నారు.

ఈ నవమి పందిళ్ళతో నేను హార్మోనియం పెట్టె మూసేస్తున్నాను. వేళ్ళు బాగానే ఉన్నాయి గానీ నడుము రాత్రంతా కూర్చోనివ్వడం లేదు. ఆట దిగాక తెల్లవారుజామున వ్యానెక్కి ఇంకో ఊరు పోవడం అసలు పడటం లేదు. ఒప్పుకున్న ఆటలు ఇంకా కొన్ని ఉన్నాయి. అవి కాగానే సీజనూ అయిపోతుంది, నా పనీ అయిపోతుంది. ఎవరి మీదా అలిగి వెళ్ళడం లేదు. పోతూ పోతూ మిమ్మల్ని ఒకటి అడగాలనిపించింది. నాటకాన్ని ముక్కలుగా మాట్లాడుకోవడం మానేసి, మొత్తం నాటకం ఆడించండి.

మీ ఫోను ఎలా ఉంటుందో ఆర్గనైజరు పక్కన కూర్చుని చాలాసార్లు విన్నాను. "పడక సీను, రాయబారం, యుద్ధం సీను, వారణాసి, కాటిసీను. మధ్యలో నవ్వుకోడానికి చింతామణిలో సుబ్బిశెట్టి బిట్టు ఒకటి. కృష్ణులు ముగ్గురు కావాలి, ముగ్గురికీ పేరుండాలి, ఫ్లెక్సీ మీద ఫొటోలు వేస్తాం." ఆయన సరే అంటాడు, అనక ఏం చేస్తాడు! పడక సీను కృష్ణుడు ఒక జిల్లా నుంచి వస్తాడు, రాయబారం కృష్ణుడు ఇంకో జిల్లా నుంచి, యుద్ధం సీను కృష్ణుడు అప్పటికి మరో ఊళ్ళో కాటిసీను ముగించుకుని రాత్రి రెండింటికి కారు దిగుతాడు. ఒకరికి నాలుగున్నర శ్రుతి, ఒకరికి ఐదున్నర. అర్జునుడు మాత్రం ఒక్కడే. కృష్ణుడు మారినప్పుడల్లా ఆ అర్జునుడి గొంతు ఎక్కడికి లాగాలో, ఎక్కడ దించాలో చూసుకోవడం మా పెట్టె పని. జనానికి ఇది కనపడకూడదు, మేం కనపడనివ్వం కూడా.

ఇదేదో నిన్నమొన్న వచ్చిన జబ్బని నేననను. పేరున్న నటుల్ని తలా ఒక ఊరి నుంచి పిలిపించి ఒకే రాత్రి ఒకే స్టేజీ ఎక్కించే కాంట్రాక్టు నాటకాలు మా పెద్దల నాడూ ఉన్నాయి. షణ్ముఖి ఆంజనేయరాజు గారి కృష్ణుడా, పీసపాటి నరసింహమూర్తి గారి కృష్ణుడా అని అరుగుల మీద వాదులాడుకున్న ఊళ్ళు ఇవే. ఆ పోటీలో రక్తి ఉండేది. కానీ అప్పుడు ఆ కృష్ణుడి చుట్టూ ఒక నాటకం ఉండేది. కౌరవ సభలో ధృతరాష్ట్రుడు, భీష్ముడు, ద్రోణుడు, విదురుడు, అశ్వత్థామ అందరూ కూర్చుని ఉండేవాళ్ళు, ఎవరి మాట వాళ్ళు మాట్లాడేవాళ్ళు. ఇప్పుడు రాయబారం బిట్టంటే కృష్ణుడు, దుర్యోధనుడు, కర్ణుడు. భీష్ముడి కుర్చీలో మైకుసెట్టు కుర్రాణ్ణి గడ్డం అతికించి కూర్చోబెట్టిన ఊళ్ళున్నాయి. నోరు తెరవొద్దని చెప్పి మరీ కూర్చోబెడతారు.

సత్యహరిశ్చంద్రీయం సంగతి ఇంకా అన్యాయం. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారు కథని దేవసభలో ఎత్తుకున్నారు. హరిశ్చంద్రుడు ఆడినమాట తప్పడని వశిష్ఠుడంటాడు, తప్పిస్తానని విశ్వామిత్రుడు పంతం పడతాడు. వేట, మాతంగ కన్యలు, రాజ్యం ధారపోయడం, ఇవ్వాల్సిన సొమ్ముకి గడువు, వసూలుకి వెంట నక్షత్రకుడు. ఇవన్నీ అయ్యాకే వారణాసి. మనం మాత్రం నేరుగా వారణాసిలో తెర తీస్తున్నాం. హరిశ్చంద్రుడు అప్పు ఎలా పడ్డాడో చూపించకుండా భార్య చంద్రమతిని అమ్మడం చూపిస్తున్నాం. పెద్దవాళ్ళకి కథ తెలుసు కాబట్టి సర్దుకుంటారు. పదేళ్ళ పిల్లాడికి ఏం తెలుస్తుంది? ఎవరో రాజు పెళ్ళాన్ని బజార్లో అమ్మి, పైగా రాగాలు తీస్తున్నాడనుకుంటాడు. మళ్ళీ ఏడు వాడు రాడు. "ఈ కాలం పిల్లలకి నాటకం పట్టదు" అని మీరే అంటారు.

నేను మడి కట్టుకుని మాట్లాడటం లేదండీ. రాసిందాంట్లో అక్షరం కదపకూడదనే రకం కాదు. కాటిసీనులో మీరు కళ్ళు తుడుచుకునే శ్మశానం పద్యాలు బలిజేపల్లి వారివి కావు, గుర్రం జాషువా గారివి. ఖండకావ్యంలోవి తెచ్చి నటులు కలుపుకున్నారు, జనం అక్కున చేర్చుకున్నారు. ఆ పద్యాలు లేకుండా కాటిసీను వేస్తే స్టేజీ మీదికి రాళ్ళు పడతాయి, పడాలి కూడా. కలుపుకోవడం, తగ్గించుకోవడం నాటకంలో ఎప్పుడూ ఉన్నవే. తల ఒక ఊళ్ళో, మొండెం ఒక ఊళ్ళో ఆడించడమే కొత్త.

ఇందులో అసలు నష్టం జనానికి కాదు, మాకు. అది మీకు కనపడదు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పద్యనాటకానికి బడి లేదు. విశ్వవిద్యాలయాల్లో రంగస్థల శాఖలున్నాయి, మంచిదే. కానీ రాత్రి పన్నెండు తర్వాత మంచులో, మైకు గరగరలాడుతుంటే, ఎదురుగా వెయ్యిమంది కూర్చున్న చోట పద్యం ఎత్తుకోవడం అక్కడ నేర్పరు. మాకు బడి చిన్న వేషాలే. నేను హరిశ్చంద్రుడి కొడుకు లోహితాస్యుడిగా స్టేజీ ఎక్కాను. పాము కరిచి పడిపోయాక కాటిసీను మొత్తం చచ్చిపోయి పడుకోవాలి. అలా పడుకునే ఒక్కో హరిశ్చంద్రుడు ఒక్కో పద్యాన్ని ఎక్కడ ఊపిరి తీసుకుని ఎక్కడ వదులుతున్నాడో విన్నాను. డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్ర రికార్డులు మైకుసెట్ల వాళ్ళ దగ్గర అరిగిపోయేదాకా విన్నాం, నిజమే, కానీ రికార్డు పక్కన పడుకోవడం వేరు, మనిషి పక్కన పడుకోవడం వేరు. గొంతు మారే వయసొచ్చాక వేషానికి పనికిరాలేదు, పెట్టె దగ్గరికి చేరాను. ఇంకొకడు చెలికాడి వేషం నుంచి సాత్యకికి, సాత్యకి నుంచి అర్జునుడికి, అక్కణ్ణుంచి కృష్ణుడికి పోయేవాడు. దానికి ఏళ్ళు పట్టేది. అన్నేళ్ళూ వాడు పెద్దవాళ్ళ వెనకాల నిలబడి వినేవాడు. మాతంగ కన్య వేసిన అమ్మాయే తర్వాత చంద్రమతి అయ్యేది.

బిట్లు వచ్చాక ఆ మెట్లన్నీ ఊడిపోయాయి. పడక సీనుకి సాత్యకి అక్కర్లేదు. వారణాసికి మాతంగ కన్యలు అక్కర్లేదు. కాటిసీనులో లోహితాస్యుడికి ఒక పిల్లాణ్ణి తీసుకురావడం ఖర్చని దిండుకి పంచె చుట్టి పడుకోబెడుతున్నారు. చంద్రమతి ఆ దిండుని ఒళ్ళో పెట్టుకుని ఏడుస్తుంది, ఆవిడ గొప్ప నటి కాబట్టి మీకూ ఏడుపొస్తుంది. ఆ దిండు ఉన్నచోట ఒక పిల్లాడు ఉండాలి. రేపటి హరిశ్చంద్రుడో, కాకపోతే నాలాంటి ఒక హార్మోనిస్టో వాడిలోంచే రావాలి.

మీరు పిలుస్తున్న పేరున్న కృష్ణుల్లో చాలామందికి వయసు మీదపడింది. వాళ్ళ తర్వాత ఎవరని మీరే మమ్మల్ని అడుగుతున్నారు. ఒక్కసారిగా కృష్ణుడై పుట్టేవాడెవడూ లేడు.

సురభి కుటుంబాల వాళ్ళని చూడండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలుపెట్టారు, ఇప్పటికీ ఆడుతున్నారు. వాళ్ళ తెరలు, మాయలు, మంటలు, గాల్లో ఎగిరే ఘటోత్కచుడు అందరికీ గుర్తుంటాయి. నాకు వాళ్ళలో నచ్చేది వేరు. కథ మొదలుపెడితే చివరిదాకా ఆడతారు. ఇంట్లో పుట్టిన పిల్ల నడక రాకముందే ఏదో ఒక సీనులో స్టేజీ మీద ఉంటుంది. వాళ్ళకీ కష్టాలున్నాయి, లేవని కాదు. కానీ తరం వెనక తరం ఎక్కణ్ణుంచి వస్తుందన్న ప్రశ్న వాళ్ళకి రాలేదు. చుట్టరికం లేని మాలాంటి ట్రూపులకి ఆ పని చిన్న వేషాలే చేసిపెట్టేవి.

చింతామణి గురించి రాయకుండా ఈ ఉత్తరం ముగించలేను. కాళ్ళకూరి నారాయణరావు గారు వరకట్నం మీద వరవిక్రయం రాశారు, తాగుడు మీద మధుసేవ రాశారు, వేశ్యావ్యామోహం మీద చింతామణి రాశారు. మూడూ ఊరు బాగుపడాలని రాసినవే. కథ చివర ఆ వేశ్య చింతామణి మారిపోతుంది, ఆమె వ్యామోహంలో పడ్డ బిల్వమంగళుడూ మారిపోతాడు. ఆ చివరి అంకం మీ ఊళ్ళో ఎప్పుడైనా చూశారా? నేను వాయించిన చింతామణుల్లో ఎక్కువ భాగం సుబ్బిశెట్టి దగ్గర మొదలై సుబ్బిశెట్టి దగ్గరే ఆగిపోయాయి. నవ్వు కావాలన్నారు, వేసేవాళ్ళు నవ్వించారు. నిరుటి జోకుకి ఈ ఏడు నవ్వు రాదు కాబట్టి ఏటేటా ఇంకాస్త బూతు కలిసింది. పుస్తకంలో లేని మాటలన్నీ స్టేజీ మీద పెరిగాయి. సుబ్బిశెట్టి వేషంతో తమ కులాన్ని అవమానిస్తున్నారని ఆర్యవైశ్యులు బాధపడ్డారు, ఫిర్యాదులు చేశారు. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నాటకాన్నే నిషేధించింది. నిషేధం తప్పా ఒప్పా అని పెద్దపెద్దవాళ్ళు వాదించుకున్నారు. నాకైతే పుస్తకాన్ని నిషేధించడం ఎప్పుడూ రుచించలేదు. కానీ వాళ్ళ బాధలోనూ నిజం ఉంది. నాటకమంతా ఆడి ఉంటే, చివరి అంకం జనం చూసి ఉంటే సంగతి ఇంతదూరం వచ్చేది కాదని నా నమ్మకం. ఒక మంచి నాటకాన్ని బిట్టు చేసి పాడుచేసుకున్నాం. ఇందులో మీకూ మాకూ సమానంగా వాటా ఉంది.

ఇక మీరు అనబోయే మాట నాకు తెలుసు. "మొత్తం నాటకం పెడితే ఎవరు కూర్చుంటారయ్యా? ఒంటిగంటకే కుర్చీలు ఖాళీ అవుతున్నాయి."

అవుతున్నాయి. ఎందుకంటే తెర లేచేది పదకొండున్నరకి. కరపత్రం మీద ఎనిమిదని వేస్తారు. ఎనిమిదికి మేం సఫేదా పూసుకుని, కిరీటాలు పెట్టుకుని సిద్ధంగా ఉంటాం. ముఖ్య అతిథి రాలేదంటారు. వచ్చాక శాలువాలు, దండలు, ఉపన్యాసాలు, దాతల పేర్లు. ఆ తర్వాత చందాల కేశవదాసు గారు కనకతార నాటకానికి రాసిన ప్రార్థన మేమందరం నిలబడి ఎత్తుకునేసరికి చంటిపిల్లల తల్లులు చాపలు చుట్టుకుంటూ ఉంటారు. నాటకం మొదలయ్యాకైనా ఊరుకుంటారా! చదివింపులు మొదలు. కృష్ణుడు సంధి కోసం ప్రాణం పెట్టి పద్యం పాడుతుంటే మధ్యలో మైకులో ఫలానా వారు మెచ్చి ఐదువందలు అంటారు. కృష్ణుడు రాయబారం ఆపి ఆయనకి దండం పెట్టాలి. దుర్యోధనుడు కూడా ఓపిగ్గా ఎదురుచూడాలి. చదివింపులు వద్దనను, అందులో మా టీ ఖర్చులున్నాయి. అంకం అయ్యాక చదవండి, చాలు.

ఎనిమిదికి అతిథి వచ్చినా రాకపోయినా తెర తీయించండి. కథ చెడకుండా పద్యాలు తగ్గించి, హరిశ్చంద్ర మొత్తాన్ని మూడు గంటల్లో చూపించవచ్చు. నంది నాటకోత్సవాల్లో గడియారం పెట్టి పద్యనాటకాలు ఆడుతూ వచ్చారు, సురభి వాళ్ళ మాయాబజారు అంతసేపు కూడా పట్టదు. పదకొండింటికి కాటిసీను అయిపోతే ఊరంతా కూర్చునే ఉంటుంది. శివరాత్రి అయితే జాగారం ఉంది కాబట్టి మీ ఇష్టం, తెల్లార్లూ ఆడతాం, అది మాకూ సరదానే.

డబ్బెక్కడిదంటారేమో. కొత్తగా ఇవ్వమనడం లేదు. ముగ్గురు కృష్ణుల్ని కాక ఇద్దర్నే పిలవండి. మూడో కృష్ణుడి డబ్బుతో భీష్ముడు, విదురుడు, సాత్యకి, ఇద్దరు చెలికత్తెలు వస్తారు. ఆ వేషాలకి పాతికేళ్ళ లోపు వాళ్ళని తీసుకురమ్మని ఆర్గనైజరుకి గట్టిగా చెప్పండి. వాళ్ళు తడబడతారు. మొదటి ఏడు ఒకడు పద్యం మరిచిపోతాడు, ఇంకొకడు శ్రుతి జారిపోతాడు. పెట్టె దగ్గర కూర్చున్నవాడు అందుకుంటాడు లెండి, అందుకే మేం ఉన్నది. మీరు మాత్రం ఈలలు వేయకుండా మీ ఊరి కుర్రాళ్ళని కాస్త అదుపులో పెట్టండి.

ఇంకో రెండు చిన్న సంగతులు. మా ఆడవాళ్ళకి వేషం వేసుకోడానికి తలుపున్న గది, అందులో ఒక లైటు, దగ్గర్లో బాత్రూము ఉండాలి. స్టేజీ వెనక టార్పాలిన్ కట్టి ఇదే గ్రీన్‌రూం అంటే కుదరదు. చంద్రమతి వేసే మనిషి పట్టుచీర విప్పి నార చీర కట్టుకోవాలి, చుట్టూ పిల్లలు సెల్‌ఫోన్లు పట్టుకుని నిలబడతారు. బడిలో ఒక గది ఇప్పించండి. బడి మీ ఊళ్ళోదే, తాళంచెవి సర్పంచి గారి దగ్గరో మాస్టారి దగ్గరో ఉంటుంది. రెండోది బాకీ. కాటిసీను మొదలయ్యేలోపు మిగతా సొమ్ము ఆర్గనైజరు చేతిలో పడాలి. "పొద్దున్నే పంపిస్తాం" అన్న పొద్దు కొన్ని ఊళ్ళలో ఇంకా తెల్లవారలేదు. ఆ ఊళ్ళ పేర్లు రాయను.

హార్మోనియం గురించి అడిగేవాళ్ళు ఉంటారు కాబట్టి అదీ చెప్పేస్తాను. నా తర్వాత కీబోర్డు వస్తుంది, వచ్చేసింది కూడా. నాకేం బాధ లేదు. ఈ పెట్టె మన సంగీతానికి పనికిరాదని 1940లో ఆకాశవాణి వాళ్ళు దీన్ని వెలివేశారు, మళ్ళీ రానివ్వడానికి 1971 దాకా పట్టింది. ఆ ముప్ఫై ఏళ్ళూ ఊళ్ళలో నాటకం దీని మీదే నడిచింది. కీబోర్డు కుర్రాడికి నేను చెప్పేది ఒకటే, మీట నొక్కితే వచ్చే తాళం వాడొద్దు. నటుడు రాగం ఎంతసేపు తీస్తాడో ఆ మీటకి తెలియదు. పద్యానికి తాళం ఉండదు, తబలా ఆయన కూడా అక్కడ చేతులు కట్టుకుని కూర్చుంటాడు. నటుడి మొహం చూస్తూ వాయించాలి. చూడ్డానికి నటుడు, చుట్టూ నాటకం ఉంటే కుర్రాడు తనంతట తానే నేర్చుకుంటాడు.

వచ్చే ఏడు నేను పెట్టె వెనక ఉండను, మీ ముందు చాప మీద కూర్చునే జనంలో ఉంటాను. మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎవరు మొత్తం నాటకం పెడితే వాళ్ళ ఊరికి వస్తాను, నా చందా నేనిస్తాను. బిట్లకి రాను.

అన్ని ఊళ్ళూ ఒక్కసారే మారాలని అడగడం లేదు. రెండు మూడు రోజులు ఉత్సవం చేసే కమిటీలు ఒక రాత్రి మీకిష్టమైన బిట్లే పెట్టుకోండి. ఇంకో రాత్రి ఒక్క నాటకం, మొదటి సీను నుంచి మంగళహారతి దాకా వేయించండి. కార్తీకంలోనే వచ్చే శివరాత్రికి మాటలు మొదలవుతాయి. అప్పుడు బయానా ఇచ్చే కాగితం మీద మీ చేత్తోనే మూడు ముక్కలు రాయండి: పూర్తి నాటకం, ఎనిమిదింటికి తెర, లోహితాస్యుడికి పిల్లాడు.

ఇట్లు,
ఒక హార్మోనిస్టు